మూడు గంటల వల

తొమ్మిదో రోజు కూడా కొత్త వల బోటుకు ముప్ఫై అయిదు కిలోల చేపలే. పక్క బోటుకు ఏ రోజూ అరవైకి తగ్గలేదు. తీరమంతా ‘సర్వే మేడం’ అని పిలిచే ఆ అమ్మాయి అంకె రాసి, రాసిన పెన్నునే నమలసాగింది. పొద్దున తిన్నదంతా ఎప్పటిలాగే సముద్రానికి అప్పజెప్పేసింది మరి.

అది రక్షిత తీరం. వలల్లో చిక్కి తాబేళ్లు చచ్చిపోతున్నాయని, అవి తప్పించుకునే తలుపున్న కొత్త వల తెచ్చింది మేడం. “తాబేలుకి దొరికిన దారి చేపకి దొరకదా?” అంది జాలర్ల సంఘం. సరే, పది రోజులు ఒక బోటు పాత వలతో, ఒక బోటు కొత్త వలతో మూడేసి గంటలు లాగి చూద్దామన్నారు. సమానంగా పడితే అందరూ కొత్త వలే వేస్తారు, ఎగుమతి కంపెనీ ఆ చేపలే కొంటుంది. లేదంటే, తాబేళ్ల కోసం వేటే బంద్.

“మీరే చేపలు పారబోస్తున్నారు,” అంది మేడం ఒడ్డున దిగి, కొత్త వల బోటు నడిపే సరంగుతో.

“నా చేపలు నేనే పారబోసుకుంటానా? నాకేమైనా పిచ్చా?”

“పిచ్చే అమ్మాయ్!” అంది బుట్ట చంకనెట్టుకొచ్చిన సరంగు తల్లి. “పక్క బోటు ఇంకా సముద్రంలోనే ఉంది. వీడు రోజూ గంటన్నరకే వల ఎత్తేసి ఇంటిముఖం పడతాడు. ఎందుకురా అంటే చెప్పి చావడు.”

మేడానికి తల తిరగడం ఆగిపోయింది. “వాచీ చూస్తే ఇంకా తిప్పుతుంది, కళ్లు మూసుకోండి” అనేవాడు సరంగు. “మూడు గంటలైంది” అని టైమూ తనే చెప్పేవాడు. ఒడ్డు తగలగానే మేడం రోజూ షెడ్డులో బల్ల మీద వాలిపోయేది.

“నాచేత అబద్ధం రాయించారా?”

సరంగు తల గోక్కున్నాడు. “మీరలా బోటు అంచు పట్టుకుని వేలాడుతుంటే చూడలేకపోయానండీ.”

“నన్నెవరు చూడమన్నారు? వల చూడమన్నారు!”

“వల ఎప్పుడూ ఉండేదే కదండీ...”

“మీ జాలి పాడుగాను! బోట్లన్నీ ఒడ్డున కూర్చునేవి, తెలుసా? ఈ తొమ్మిది రోజుల లెక్కలూ చెత్తబుట్టలోకే. మళ్లీ మొదటి నుంచి పది.”

“ఇంకో పది రోజులా? బతుకుతారా మీరు?”

“చస్తే మీ వల తలుపులోంచి వదిలేయండి.”

తల్లి బుట్ట కింద పెట్టేసి మరీ నవ్వింది.

ఈసారి వాచీ మేడం గుప్పిట్లోనే ఉంది. కళ్లు మూయమని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. వరుసగా తొమ్మిది రోజులు రెండు బోట్లూ దాదాపు సమానంగా తూగాయి. కొత్త వలలో ఒక్క తాబేలూ లేదు.

పదో రోజు, రెండు గంటలు దాటాక, సరంగు గొంతు సవరించుకున్నాడు.

“ఒక మాట చెప్పాలండీ.”

“ఇప్పుడా?”

“రేపట్నుంచి మీరు బోటెక్కరుగా. పెళ్లయ్యాక కూడా ఎక్కమని అడగను.”

“ఎవరి పెళ్లి?”

“మనదేనండీ.”

మేడం గబుక్కున అంచు మీదికి వంగింది. సరంగు ముఖం పాలిపోయింది.

“ఇది జవాబు కాదు,” అంది మూతి తుడుచుకుంటూ. “కంగారుపడి వల ఎత్తేయకండి. ఇంకా నలభై నిమిషాలుంది. ఒడ్డుకెళ్లాక మీ అమ్మగారితో నేనే మాట్లాడతాను.”

ఆ నలభై నిమిషాలూ సరంగు ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. చెవులు మాత్రం ఎర్రగా కనబడుతూనే ఉన్నాయి.