చిలికా ఒడ్డున నాలుగు సాష్టాంగాలు

అక్టోబరు ఇరవై ఐదు, శనివారం. పూరీలో మఠం వాళ్ళు పెట్టిన దద్దోజనం తిని రైలెక్కాం. తాలింపులో ఆవాలు కాస్త మాడాయి. మా ఆవిడ కుముదవల్లి ఉండి ఉంటే ఆ సంగతి నాలుగు స్టేషన్ల దాకా చెప్పేది. ఆమె పోయి ఆరేళ్ళయింది కాబట్టి ఆ పని నేనే చేస్తున్నాను.

"నాయనా, ఆ ఆవాల్ని ఇంక వదిలేయ్," అంది మా అమ్మాయి కమలిని.

వదిలేశాను. నా మనసంతా ఆదివారం మీద ఉంది. రైలు ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు తిరుపతి చేరుతుంది. సాయంత్రం నాలుగింటికి చెన్నై నుంచి పెళ్ళిచూపులకు వస్తున్నారు. అబ్బాయికి మంచి ఉద్యోగం, మంచి జీతం. అన్నిటికీ మించి, మా నామమే.

ఈ నామం సంగతి కొంచెం చెప్పాలి. మా వైష్ణవుల్లో రెండు వర్గాలు. మేము వడగలై. మా నామం కింద గుండ్రంగా ఉంటుంది. తెంగలై వాళ్ళ నామానికి ముక్కు మీద చిన్న పాదం ఉంటుంది. దేవుడొక్కడే, పాశురాలు అవే, పులిహోర కూడా అదే. ఆ ముక్కు మీద అంగుళం గురించి మాత్రం మా పెద్దలు తరాల తరబడి కొట్లాడుకున్నారు, కోర్టులకు కూడా ఎక్కారు.

ఎదురు సీట్లో ఒక పెద్దాయన కూర్చున్నాడు. ముక్కు మీద పాదం. నేను ఆయన నుదురు చూశాను. ఆయన నా నుదురు చూశాడు. ఇద్దరం కిటికీలోంచి బయటికి చూశాం.

ఆయన పేరు పరాశర్. కార్వేటినగరం. తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యాడు. పక్కన కొడుకు ముకుంద్, శ్రీకాళహస్తిలో బ్యాంకు ఉద్యోగం.

"మా అమ్మాయి కూడా శ్రీకాళహస్తిలోనే. స్కూల్లో లెక్కల టీచరు," అన్నాను, మర్యాదకు.

"అవునా సార్? ఎప్పుడూ చూడలేదే," అన్నాడు ముకుంద్, ఫ్యాన్ వైపు తిరిగి.

"పెద్ద ఊరు కదా," అంది కమలిని, చెప్పుల వైపు చూస్తూ.

పన్నెండు దాటాక చిలికా సరస్సు పక్కన రైలు ఆగింది. ముందెక్కడో వానకు పట్టాల మీదికి నీళ్ళొచ్చాయట. కిటికీ నిండా నీళ్ళు. ఆకాశం ఎక్కడ అయిపోయిందో, సరస్సు ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. వాన ఒకసారి పడుతుంది, ఒకసారి మానుతుంది. పడవల్లో వాళ్ళు మాత్రం ఏ తొందరా లేకుండా వలలు లాగుతున్నారు.

బోగీలో అంత ప్రశాంతత లేదు. ఒక్క గంటలో అందరూ రైల్వే ఇంజనీర్లయిపోయారు. ఎవరి ఫోన్లోనో చూస్తే మేము అప్పటికే బరంపురం దాటేశామట. ఆ ఫోనాయన తన ఫోన్‌నే నమ్మి, బయట కనిపించే సరస్సును అనుమానంగా చూశాడు.

మూడు గంటలయింది. నాకు కాళ్ళు నిలవడం లేదు. సైడు బెర్తులో వడమాలపేట రైతు మునస్వామి వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు.

"సామీ, ఇద్దరు అయ్యవార్లు ఉండారు. ఊరికే కూసోని ఏం జేస్తారు? ఏదన్నా సదవండి, బండి కదుల్తాదేమో," అన్నాడు.

మంచి ఆలోచనే. చిక్కల్లా ఎక్కడంటే, పాశురాలకు ముందు గురువుగారి శ్లోకం చెప్పాలి. మాది మా గురువు మీద. వాళ్ళది వాళ్ళ గురువు మీద. పరాశర్ ఆయన శ్లోకం ఎత్తుకున్నాడు. నాకు దగ్గొచ్చింది. నేను మా శ్లోకం ఎత్తుకున్నాను. ఆయనకు దగ్గొచ్చింది.

"స్వామీ, ఈ దాసుడికి తెలిసింది చాలా తక్కువ," అన్నాడు పరాశర్ చేతులు జోడించి. "దేవరవారికి అంతకన్నా తక్కువేమోనని దాసుడి భయం."

"దాసుడి కన్నా దేవరవారు అన్నిటా ముందే," అన్నాను నేనూ చేతులు జోడించి. "తప్పు చదవడంలో కూడా."

"అబ్బా! ఇంత మర్యాదగా తిట్టుకునేది నేను యాడా సూడలేదు," అన్నాడు మునస్వామి, గింజలు నోట్లో వేసుకోవడం మరిచిపోయి.

అక్కడి నుంచి మాట సాష్టాంగాల మీదికి పోయింది. పెద్దలకు ఒక్కసారి చేస్తే చాలని వాళ్ళ పద్ధతి. నాలుగు చేయాలని మాది.

"ఒక్కసారి మొక్కితే దేవుడికి కనిపించదా?" అన్నాడు పరాశర్.

"ఆయనకు కనిపిస్తుంది. మొక్కినవాడి నడుముకు కూడా తెలియాలి కదా," అన్నాను.

పరాశర్ సంచిలోంచి పుస్తకం తీశాడు. నేను తువ్వాలు మొహం మీద వేసుకుని పడుకున్నాను. కళ్ళే మూసుకున్నాను, చెవులు కాదు.

"మేడమ్, శనక్కాయలు?" ముకుంద్ గొంతు.

"తెలియని వాళ్ళ దగ్గర తినను."

"తెలియని వాళ్ళవి ముప్పావు పొట్లం తినేశారు మేడమ్."

"లెక్కల టీచర్ని. ఎన్ని ఉన్నాయో సరిచూశాను."

"మిగిలిన పావు కూడా సరిచూడండి. వాన బాగుంది కదా?"

"వాన బాగుంది. వానలో ఆగిన రైలు బాగాలేదు. రైల్లో ఉన్న పెద్దవాళ్ళు అసలు బాగాలేరు."

ఈ కాలం పిల్లలు ఎంత త్వరగా కలిసిపోతారో అనుకున్నాను. మంచి కుర్రాడే. ఆ ముక్కు మీద పాదమొక్కటీ లేకుంటే.

ఆరింటికి టీటీఈ వచ్చాడు. అన్ని బోగీల్లోనూ తిట్లు తిని వచ్చినట్టున్నాడు, మొహం వాడిపోయి ఉంది. చేతిలో ఉన్న మిషన్లో చూసి, నా పేరుతో మొదలుపెట్టి చదివాడు.

"శఠగోపం, కమలిని, పరాశర్, ముకుంద్. నలుగురూ ఒకే టికెట్. చూడండి సార్, ఫ్యామిలీలో ఏవైనా ఉంటే ఇంటికెళ్ళి మాట్లాడుకోండి. పక్క బోగీ వాళ్ళు కంప్లైంట్ చేస్తున్నారు."

ఆయన వెళ్ళిపోయాడు. నేను తువ్వాలు మడిచి పక్కన పెట్టాను.

"కమలినీ, టికెట్లు ఎవరు తీశారు?"

"నేనే నాయనా."

"ఎవరో ఫ్రెండు తీశాడన్నావు కదరా?" అన్నాడు పరాశర్ కొడుకుతో.

"ఫ్రెండే నాయనా," అన్నాడు ముకుంద్, చిన్నగా.

ఇంక దాచడానికేమీ లేదు. రెండేళ్ళుగా తిరుపతి నుంచి శ్రీకాళహస్తికి ఇద్దరిదీ ఒకే బస్సు. పెళ్ళి దాకా అనుకున్నారు. మా నామాల సంగతి తెలిసి భయపడ్డారు. తండ్రులిద్దరినీ పూరీకి రప్పించి, వచ్చేటప్పుడు ఒక రోజంతా ఎదురెదురుగా కూర్చోబెడితే స్నేహం కలుస్తుందని వీళ్ళ పథకం.

"గోత్రాలు వేరే నాయనా. ముందే చూసుకున్నాం," అంది కమలిని, అదొక్కటే నాకు అభ్యంతరం అయినట్టు.

"రేపు నాలుగింటికి వాళ్ళొస్తారు. ఏం చెప్పమంటావు?"

"ఏమో నాయనా. ఇంకొకరి ముందర కాఫీ పట్టుకుని మాత్రం నేను నిలబడలేను." చున్నీ అంచు మడతలు పెడుతోంది. ఏడుపు ఆపుకోవడానికి వాళ్ళమ్మ కూడా కొంగు అట్లాగే మడిచేది.

ముకుంద్ లేచాడు. బోగీ నడవలో, టీ నీళ్ళూ చెప్పుల తడీ చూసుకోకుండా, నా కాళ్ళ ముందు సాష్టాంగపడ్డాడు. కాళ్ళు అవతలి సీట్ల దాకా వెళ్ళాయి. టీ క్యాను పట్టుకొచ్చినతను దాటకుండా భక్తిగా నిలబడ్డాడు.

"ఒకటి," అన్నాడు మునస్వామి.

ముకుంద్ లేచి చేతులు కట్టుకున్నాడు. అలవాటు కొద్దీ నేను మిగిలిన మూడింటి కోసం చూస్తున్నాను.

"చాల్లేరా. మన పద్ధతి అంతే," అన్నాడు పరాశర్.

సరిగ్గా అప్పుడు, ఆరు గంటల తర్వాత, రైలు ఒక్క కుదుపు కుదిపింది. ముకుంద్ బోర్లా పడ్డాడు.

"రెండు."

లేచాడు. ఇంకో కుదుపు.

"మూడు."

"అవి లెక్కలోకి రావు," అన్నాను.

"దేవుడు తోసినవి లెక్కకు రాకుంటే ఇంకేం వస్తాయి సామీ?" అన్నాడు మునస్వామి.

ఆ తర్వాత బండి మెత్తగా సాగింది. కుర్రాడు కడ్డీ పట్టుకుని నిలబడొచ్చు. అతను వాళ్ళ నాయన వైపు తిరిగి, "క్షమించండి నాయనా," అన్నాడు. అని, నిదానంగా, తనంతట తానే నాలుగోసారి పడుకున్నాడు.

ఈసారి ఎవరూ లెక్కపెట్టలేదు.

పరాశర్ కిటికీ బయటి చీకటిలోకి చూశాడు. విరుచుకుపడతాడనుకున్నాను.

"మోచెయ్యి దోక్కుపోయింది, చూసుకో," అన్నాడు కొడుకుతో. అని, తన సంచిలోంచి ఒక పాత పంచె ముక్క తీసిచ్చాడు.

"లే నాయనా," అన్నాను నేను. అది అవునూ కాదు, కాదూ కాదు. కమలిని ఆ రెండు మాటల్నే రాత్రంతా పట్టుకుని కూర్చుంది.

దారిలో బండి ఇంకా చాలాచోట్ల ఆగింది. ఆదివారం నాలుగింటికి మేము తిరుపతిలో లేము, ఒంగోలు దగ్గరున్నాం. ఫోన్ మోగింది. చెన్నై వాళ్ళు. పొద్దున్నే రైలు ఆలస్యమని కబురు పెట్టాను, వాళ్ళు మర్యాదస్తులు.

"మీరేం కంగారు పడకండి సార్. వచ్చే ఆదివారం పెట్టుకుందామా?"

మునస్వామి ఒలవడం ఆపాడు. పరాశర్ పుస్తకంలో పేజీలు తిప్పడం ఆపాడు. ముకుంద్ కట్టు కట్టిన మోచేతిని చూసుకుంటున్నాడు. కమలిని మాత్రం నన్నే చూస్తోంది.

సాకు బ్రహ్మాండంగా ఉంది. సరేనంటే ఇంకో వారం గడుస్తుంది, ఎవరితోనూ తగువు ఉండదు. అట్లా గడపడం నాకు బాగా చేతనవును.

"వద్దండి," అన్నాను. "ఆలస్యం రైలుది కాదు, నాది. అమ్మాయి మనసులో ఒకరున్నారు. మీకు ముందే చెప్పాల్సింది, నేనే అడిగి తెలుసుకోలేదు. తప్పు నాది."

అవతల ఆయన మెల్లగా అడిగాడు. "పోనీలెండి. అబ్బాయి మన వాళ్ళేనా?"

నేను పరాశర్ వైపు చూశాను. నిన్నటి చెమటకు చెరిగిపోయిన నామాన్ని ఆయన పొద్దున మళ్ళీ శ్రద్ధగా దిద్దుకున్నాడు. ముక్కు మీద పాదం తళతళలాడుతోంది.

"మన వాళ్ళేనండి," అన్నాను.

రైలు తిరుపతి చేరేసరికి రాత్రి తొమ్మిదయింది. కార్వేటినగరానికి బస్సు లేదు. ముకుంద్ గదిలో నలుగురు కుర్రాళ్ళుంటారు, అక్కడ పెద్దాయనకు పడక దొరకదు. పరాశర్‌ను మా ఇంటికి రమ్మన్నాను. దేవరవారికి శ్రమ ఎందుకన్నాడు. దాసుడికి శ్రమేముందన్నాను. ఈసారి ఆ మాటల్లో ముళ్ళు లేవు.

కమలిని చారన్నం వండింది. పరాశర్ రెండోసారి చారు పోయించుకుని, "ఆవాలు చక్కగా వేగాయమ్మా," అన్నాడు. హాల్లో చాప మీద వాలీ వాలక ముందే నిద్రపోయాడు.

నేను కాళ్ళు కడుక్కుని పెరుమాళ్ళకు పాలు నైవేద్యం పెట్టాను. పూజలో మా వాళ్ళు గంట కొడతారు. తెంగలై వాళ్ళు కొట్టరు. గంట చేతిలోకి తీసుకున్నాను. హాల్లో ఆయన అటు తిరిగి పడుకుని ఉన్నాడు. రెండు రోజులు కూర్చుని వచ్చిన మనిషి.

గంట నాలుక పట్టుకుని, చప్పుడు కాకుండా మళ్ళీ కింద పెట్టాను. దీపం వత్తి తగ్గించి, పెరుమాళ్ళ గూటి తలుపులు మెల్లగా మూశాను.