నిబ్బరి వద్దన్న లూదియమ్మ

ఉదయం తొమ్మిదింటికి బంధువులను లోపలికి వదిలే గంట మోగింది. వార్డులోని పన్నెండు మంచాల పక్కన పన్నెండు కుర్చీలూ ఖాళీగానే ఉండిపోయాయి. రోగులెవరూ తలుపు వైపు చూడలేదు. చెవి వెనక నిబ్బరి ఉన్నవాళ్ళు దేనికీ కంగారుపడరు. గోరంత బిళ్ళ అది. ఒంట్లో భయం తలెత్తగానే పసిగట్టి, చర్మంలోంచి చుక్క మందు పంపి అణిచేస్తుంది. పదేళ్ళుగా దేశమంతా దాని చలవతోనే నిద్రపోతోంది.

ఆరో మంచం మీద లూదియమ్మ ఒక్కతే వణుకుతోంది. రాత్రి ఆసుపత్రివాళ్ళు అంటించిన నిబ్బరిని తెల్లారగానే పీకి మందుల ట్రేలో పడేసింది.

"పెట్టించుకోండమ్మా," అంది నర్సు హిమజ నాలుగోసారి. "ఇంకో గంటలో మీ గుండె కవాటం మార్చాలి. రెండేళ్ళకి వచ్చిన వంతు. నిబ్బరి లేకపోతే ఇంటికి పంపేస్తారు."

"పంపితే పంపనీ. మత్తివ్వండి, కొయ్యండి, కుట్టండి. నా భయం జోలికి మాత్రం రాకండి."

"భయం ఎవరిక్కావాలమ్మా?"

"నాక్కావాలి. దాన్ని పట్టుకునే నేను దేవుడి దగ్గరికెళ్తాను."

ఆమె కూడా మొదట్లో అందరిలాగే పెట్టించుకుంది. ఊళ్ళో పాస్టరుగారు ఒక్కొక్క బిళ్ళకూ నూనె రాసి, ప్రార్థన చేసి మరీ అంటించారు. ఇది దేవుడిచ్చిన సమాధానమే, మనశ్శాంతేనని సంఘమంతా నమ్మింది. ఏడాదిపాటు గుడిలో నిబ్బరి చేసిన మేలు గురించి సాక్ష్యాలే సాక్ష్యాలు. తరవాత ఒక ఆదివారం "ప్రార్థన మనవులున్నాయా?" అని పాస్టరుగారు అడిగితే ఒక్కరూ లేవలేదు. ఆయన సంతోషించి కూడిక తొందరగా ముగించారు. ఆ వేళ లూదియమ్మ పక్కనే కూర్చుని పాటలు పాడిన మార్తమ్మ ఇంట్లో, మనవరాలు జ్వరంతో ప్రాణం మీద ఉంది. మార్తమ్మకు ఆ మాట చెప్పాలని తోచలేదు. మర్నాడు పిల్ల పోయిందని తెలిసినా, ఆ గుమ్మం తొక్కాలని ఎవరికీ తోచలేదు. అది తెలిసొచ్చిన రోజే లూదియమ్మ తన బిళ్ళ తీసేసింది.

నిబ్బరి తయారుచేసినవాళ్ళు నిద్రను కొలిచారు, రక్తపోటును కొలిచారు. ఒకరి కోసం ఒకరు భయపడటం వాళ్ళ కొలతల్లో ఎక్కడా లేదు.

డాక్టర్ ఇందుశేఖర్ వచ్చాడు. సంగతి విని నవ్వాడు.

"మీ దేవుడే భయపడొద్దన్నాడని విన్నానే, లూదియమ్మగారూ? మేం చేస్తున్నదీ అదేగా?"

"భయపడేవాళ్ళతోనే గదండీ ఆ మాటన్నాడు! ఆయన కొడుకు కూడా సిలువకి ముందు తోటలో చెమటలు కక్కాడు. మీరుంటే ఆయనక్కూడా ఓ బిళ్ళ అంటించేసేవారు."

హిమజ మొహం పక్కకు తిప్పుకుంది, నవ్వు కనబడకుండా.

"పెద్ద తుపానులో ఇల్లు పోయిందండి," అంది లూదియమ్మ. "పాలు తాగే పిల్ల పోయింది. అప్పుడీ బిళ్ళల్లేవు. వణుకుతూనే ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఇప్పుడు వదలమంటే వదుల్తానా?"

డాక్టరు తెర మీది అంకె చూశాడు. గుండె వేగం నూట పద్దెనిమిది. "మత్తుతో దించడానికి చూస్తాను. ప్రమాదం ఎక్కువ. మీరూ మీ ఇంటాయనా వేలిముద్ర వేస్తేనే."

కాంటీన్‌లో ఇడ్లీ తింటున్న యోబును పిలుచుకొచ్చారు. మూతి తుడుచుకుంటూ వచ్చి, చూపించిన చోట ముద్ర వేశాడు.

"ఏంటే లూదీ, గొడవ చేస్తన్నావంట?"

"నాకోసం ప్రార్థన చేశావా?"

"ఎందుకే? అంతా బానే ఉంటదిగా." ఎంతో ప్రేమగానే అన్నాడు.

నలభై ఏళ్ళ కాపురంలో ఇంత ఒంటరితనం లూదియమ్మ ఎరగదు.

"నీ బిళ్ళ కూడా తియ్యవయ్యా. తీసి కాసేపు నాతోపాటు భయపడు."

"నేనెందుకే? కోసేది నిన్నుగా?"

"అందుకేనయ్యా."

అతనికి అర్థం కాలేదు. అయినా ఆమె అడిగింది కదా అని, చెంపకంటిన మెతుకు తీసినంత తేలిగ్గా నిబ్బరిని తీసేశాడు. "ఏం తెలీట్లేదే," అన్నాడు.

"పావుగంట పడుతుంది తాతగారూ," అంది హిమజ.

స్ట్రెచరు కదిలింది. యోబు చెయ్యి ఊపాడు.

లోపల దీపాల కింద లూదియమ్మ ప్రార్థించబోయింది. నాలుక పిడచగట్టుకుపోయింది. దేవుణ్ణి పేరు పెట్టి పిలిచి, అక్కడే ఆగిపోయింది. మత్తుముసుగు సిద్ధమవుతుండగా బయట బల్ల పడిన చప్పుడైంది.

"మా లూది ఏదీ? దాన్నెక్కడికి తీసుకుపోయారూ?" తలుపు దబదబా మోగింది. ఆ తరవాత యోబు గొంతు, ఆసుపత్రంతా వినబడేలా: "ప్రభువా! దాన్ని తీసుకెళ్ళకయ్యా! పదేళ్ళు నిన్నేమీ అడగలేదు, పదేళ్ళదీ కలిపి అడుగుతున్నాను! అది లేకపోతే నేను ఉండలేనయ్యా!"

"ఎవరైనా అతనికి నిబ్బరి పెట్టండి," అన్నాడు డాక్టరు.

లూదియమ్మ డాక్టరు చొక్కా చెయ్యి పట్టుకుంది. "పెట్టారో, ఈ బల్ల దిగి వెళ్ళిపోతాను."

తెర మీద అంకె దిగలేదు. ఆమె వణుకూ తగ్గలేదు. బయటి గొంతు బొంగురుపోతూ, మాటలు తడబడుతూ, ఆమె చేయలేకపోయిన ప్రార్థనను చేస్తూనే ఉంది. తలుపు అద్దంలోంచి చూస్తే, ఆపడానికి వెళ్ళిన హిమజ అతని పక్కనే నేల మీద కూర్చుండిపోయి కనిపించింది. ఆమె వేళ్ళు చెవి వెనక తడుముకుంటున్నాయి.

లూదియమ్మ వణికే చేత్తోనే ముసుగును ముక్కు మీదికి లాక్కుంది.

"ఇప్పుడు కొయ్యండి, డాక్టరుగారూ."