నూరు కిలోమీటర్ల ఎత్తుకు ఒక కీలు

“ఈ కీలు తీసుకోను. రంధ్రం పెద్దదైంది,” అంది కిరణ్మయి.

“దానంతట అది కాలేదు మేడమ్, నేనే పెద్దది చేసినాను,” అన్నాడు దామోదర్. నగర శివార్లలోని జిగణిలో వాళ్ళ నాన్నకు చిన్న లేత్ షాపు ఉంది. “ఎందుకంటే...”

అంతలో ఆమె ఫోన్ మోగింది. “డ్రాయింగ్‌లో ఉన్నట్టే చేయండి, ప్లీజ్,” అంటూ ల్యాబ్‌లోకి వెళ్ళిపోయింది.

ఆ చిన్న కీలు మీదే ఆమె పీహెచ్‌డీ అంతా ఆధారపడి ఉంది. సముద్రపొడ్డున తుంబా రాకెట్ కేంద్రంలో మిట్టమధ్యాహ్నం ఓ చిన్న రాకెట్ ఎగురుతుంది. పైకి పోతూ దాని ముక్కు ఊడిపోయాక, లోపలున్న సన్నని చెయ్యి కీలు మీద తిరిగి బయటికి చాచుకోవాలి. నూరు కిలోమీటర్ల ఎత్తున ప్రవహించే విద్యుత్తులో రేగే అలజడిని, ఆ చేతి చివరి సెన్సర్ కొలవాలి. బెలూన్ అంత పైకి పోలేదు, శాటిలైట్ అంత కిందికి దిగలేదు. రాకెట్ అయినా కొద్ది నిమిషాల్లో సముద్రంలో పడిపోతుంది. చెయ్యి తెరుచుకోకపోతే మూడేళ్ళ కష్టం ఉప్పునీళ్ళ పాలే.

నాలుగు రోజులకు డ్రాయింగ్ ప్రకారమే కొత్త కీలు వచ్చింది. సులువుగా తిరిగేందుకు ల్యాబ్‌లో దాని పిన్నుకు కోటింగ్ వేసి బిగించారు. చెయ్యి సగంలో ఇరుక్కుపోయింది.

“సోమవారం వైబ్రేషన్ టెస్ట్,” అన్నారు గ్రూప్ హెడ్ గురుమూర్తి. “అప్పటికి ఇది తెరుచుకోకపోతే మన ప్లేస్‌లో ఇంకో టీమ్ పేలోడ్ వెళ్తుందమ్మా.”

శనివారం పొద్దున్నే మారతహళ్ళిలో బస్సెక్కి, చందాపురలో దిగి, ఆటో దొరక్క వానలో తడిసి ముద్దై షాపులో అడుగుపెట్టింది కిరణ్మయి.

“నా మీద కోపంతోనే టైట్‌గా చేశారా?”

దామోదర్ తువ్వాలు అందించాడు. తర్వాత ఒక కీలు పిన్నుకు కోటింగ్ మందాన కాగితం చుట్టి, రంధ్రంలోకి తోసి చూపించాడు. అది కదల్లేదు.

“కోటింగ్ వేస్తే పిన్ను లావైతుంది కదా. మీ డ్రాయింగ్‌లో దానికి జాగా లేదు మేడమ్.”

తప్పు తనదే.

“ముందే చెప్పొచ్చుగా!”

“చెప్పబోయినాను. మీరు ఫోన్‌లో ఉండారు.” తర్వాత నెమ్మదిగా అన్నాడు. “మీరు పీహెచ్‌డీ, నేను డిప్లొమా. మళ్ళీ చెప్పేదానికి నాకు నోరు రాలేదు.”

కిరణ్మయి అక్కడే నిలబడి గురుమూర్తికి ఫోన్ చేసింది. “సార్, డ్రాయింగ్ తప్పు. మిస్టేక్ నాదే. సోమవారానికి సరిచేస్తాను.” ఫోన్ పెట్టేసి కుర్తా చేతులు పైకి మడిచింది. “ఇప్పుడు చెప్పండి. ఈసారి మొత్తం వింటాను.”

మొదటి కీలు రంధ్రం అతను అందాజుగా పెంచింది; ఈసారి కోటింగ్ మందం కచ్చితంగా లెక్కకట్టి, రెండు రోజులు ఇద్దరూ లేత్ దగ్గరే గడిపారు. అతను కోస్తే ఆమె కొలిచేది. ఆరో కీలు దగ్గర దామోదర్ నవ్వాడు.

“కీలును ఎంత బాగా చూస్తారు మేడమ్! నన్ను ఒకసారైనా అట్ల చూసినారా?”

“ముందు మీ కొలతలు సరిపోవాలిగా!” అందేగానీ, తర్వాతి కొలత రెండుసార్లు తప్పు రాసుకుంది.

దామోదర్ నాన్న వెంకటగిరియప్ప చిత్రాన్నం తెచ్చి, ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. “ముందు తినండప్పా. ఇనుము యాడికీ పోదు.”

సోమవారం కోటింగ్ వేసి కొత్త కీలు బిగించాక, వైబ్రేషన్ టెస్ట్ బల్ల గడగడలాడిపోయింది. ఆపాక స్విచ్ నొక్కితే చెయ్యి టక్కున చాచుకుంది.

మూడు వారాలకు తుంబాలో రాకెట్ ఎగిరింది. కంట్రోల్ రూమ్‌లో కిరణ్మయి స్క్రీన్‌ను అంటిపెట్టుకుని కూర్చుంది. మొదట తిన్నని గీత. ఆ తర్వాత గీత ఎగిరెగిరి పడసాగింది. మూడేళ్ళుగా ఆమె వెతుకుతున్న అలజడి అదే.

బయటికి పరుగెత్తి ఫోన్ చేసింది. “దామోదర్, తెరుచుకుంది! డేటా వచ్చేసింది!”

“తెలుసు. మీ గొంతులోనే ఉండాది.”

అతని వెనక ఏదో హోరు వినిపించింది.

“అదేం శబ్దం? జిగణిలో సముద్రమెక్కడిది?”

“నిన్న సాయంత్రమే రైలెక్కినాను. లోపలికి విడువరు కదా, దూరంగా బీచ్‌లో నిల్చుకోని చూసినాను.”

“కీలు కోసం ఇంత దూరమా?”

“కీలు కోసమైతే ఫోన్ చాలును కదా కిరణ్మయీ.”

మేడమ్ అనలేదు. మొదటిసారి పేరు పెట్టి పిలిచాడు.

“అక్కడే ఉండండి,” అంది ఆమె, అప్పటికే గేటు వైపు నడుస్తూ. “నేను కూడా ఫోన్‌లో చెప్పను. వస్తున్నా.”