నీళ్ళ నడుమ గుట్ట

తొంభై రెండులో నేను కల్వకుర్తిలో పాత రికార్డుల భవనంలో పనిచేసేదాన్ని. ఆ వానాకాలం మా సారు అక్కడ ఒక ప్రదర్శన పెట్టించాడు. ప్రాజెక్టు కట్టాక కృష్ణ నడుమ మిగిలిన ఒక దీవి, దాని మీది పక్షులు, జింకలు, పూలు. గోడ నిండా రంగు ఫోటోలు. అద్దాల పెట్టెలో గడ్డి కూరిన కొంగ. వాటన్నిటి పైన సారు రాయించిన బోర్డు: 'మనిషి అడుగు పడని అందాల దీవి'.

ప్రారంభానికి ముందురోజు, పొద్దుగూకే వేళ అద్దాలు తుడుస్తున్నాను. గడపలో గుర్వమ్మ నిలబడి ఉంది. ప్రాజెక్టు నీళ్ళలో తన ఊరు మునిగాక ఇక్కడికొచ్చి, బస్టాండు దగ్గర మక్కకంకులు కాల్చి అమ్ముకునే ముసలమ్మ.

"తాహేరా, మా గుట్ట ఫోటో పెట్టిండ్రట గదా బిడ్డా. జర సూస్త."

"రా అవ్వా."

పెద్ద ఫోటో ముందు చాలాసేపు నిలబడింది. కొంగలు వాలిన బండను వేలితో తడిమింది.

"గీ బండ కిందనే మా మేకల దొడ్డి. నీళ్ళొస్తుంటే నా కొడుకు భిక్షం మేకల కోసం మళ్ళ గుట్టెక్కిండు. సుట్టూ కమ్ముకున్నయి. ఆఫీసరోళ్ళు పడవ పంపుతమన్నరు. నేను ఒడ్డున కూసున్న... వాడు పిలుస్తనే ఉన్నడు. తర్వాత పిలుపు బందయింది." పైకి చూసింది. "గా బోర్డు మీద ఏం రాసిండ్రు?"

నేను అద్దం తుడుస్తూనే చెప్పాను. "దీవి మంచిగుందని రాసిండ్రవ్వా."

అంతలో కరెంటు పోయింది.

చీకట్లో బురద వాసన. తడిసిన మేకబొచ్చు వాసన. బయట వాన లేదు... అయినా రాతికి నీళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు. ఎక్కడో మేకపిల్ల అరిచింది. ఎక్కడో కాదు. గోడలో.

"అమ్మా..." చలికి వణుకుతున్న మగగొంతు. "పడవ వచ్చిందా?"

అల్లాను తలచుకుని కలిమా చదవబోయాను.

గుర్వమ్మ గుసగుసగా జవాబిచ్చింది. "వచ్చింది బిడ్డా... ఫోటోలు తీసెటోళ్ళకు వచ్చింది. నీకు రాలే."

చప్పుడు ఆగింది. తర్వాత నా చెవి పక్కనే, చల్లగా...

"పడవ గీ అక్క తెచ్చిందా?"

"లేదు బిడ్డా. ఆమెను ఇడిసిపెట్టు."

దీపాలు వెలిగాయి. గది పొడిగానే ఉంది. గుర్వమ్మ నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది.

మర్నాడు పెద్దలు వచ్చారు. చప్పట్లు కొట్టారు. 'ఎంత ప్రశాంతమైన జాగా' అన్నారు. నేను వాళ్ళకు చాయ్ అందించాను. గుర్వమ్మ ఆ చలికాలమే పోయింది.

ప్రదర్శన ఎత్తేశాక చూస్తే, ఆ గోడకు నేల నుంచి జానెడు ఎత్తున తడి. మేస్త్రీ గీకి కొత్త సిమెంటు పూశాడు. మరుసటి ఏడాది నడుము దాకా వచ్చింది. ఊళ్ళో బోర్లన్నీ ఎండిపోయిన ఎండాకాలంలో కూడా ఆరలేదు.

ఇప్పుడు ఆ తడి నా గొంతు దాకా ఉంది.