కోళ్ల షెడ్ల కింది బావి

ఆ బావికి చెడ్డపేరు వచ్చి మూడేళ్లు. చీకటిపడితే గిరక దానంతటదే తిరుగుతుందని, ఒక తెల్లచీర నీళ్లు తోడుతుందని చెప్పుకుంటారు. ఆ నీళ్ల వల్లే ఒక పసిపాప ఒళ్లంతా నీలమై చనిపోయిందట. అప్పటినుంచి ఊళ్లో ఎవరూ ఆ నీళ్లు ముట్టరు. పైనున్న కోళ్ల షెడ్ల కంపును మాత్రం రోజూ పీలుస్తారు, దానికి ఎవరికీ భయం లేదు.

ఇది హనుమండ్లు చెప్పగా విన్నది. ఎవరికీ చెప్పొద్దన్నాడు కాబట్టి ఊరి పేరు చెప్పను. అతను కోళ్ల బండి నడుపుతాడు. పగలు వేడికి కోళ్లు తట్టుకోలేవని, రాత్రే ఎక్కించుకుని కరీంనగర్‌కు తోలుతాడు.

ఆ రాత్రి సరిగ్గా బావి దగ్గరే ఇంజను వేడెక్కి బండి ఆగింది. బండి నిలబడితే బోనుల్లో గాలాడదు, కోళ్లు చస్తాయి. నీళ్లు కావాల్సిందే. క్యాను పట్టుకుని దిగాడు.

కిర్ర్... కిర్ర్...

గిరక.

అయినా నాలుగడుగులు వేశాడు. గట్టుమీద నిజంగానే ఒక తెల్లచీర... బొక్కెన పైకి లాగింది. బిందెలో పోయలేదు — కాలువలో కుమ్మరించింది. మళ్లీ దించింది.

"ఎవలు?"

"డ్రైవర్‌ను... జరన్ని నీళ్లు..."

"ఇంజన్‌కైతే తీస్కపో. తాగకు బిడ్డా."

అప్పుడు పోల్చుకున్నాడు. శంకరవ్వ. బావి ఆమెదే. పోయిన పాప ఆమె మనుమరాలు.

"గీ యాళ్ల ఏం చేస్తున్నవవ్వా?"

"తోడిపోస్తున్న."

బావిలో కుక్క పడి చచ్చినా అక్కడ చేసేది అదే. నీళ్లన్నీ తోడిపోసి సున్నం చల్లితే, కొత్త ఊట వచ్చి బావి మంచిగవుతుంది.

"కోడలు తల్లిగారింట్ల మల్ల కన్నది. పిలగాడు. నీళ్లు మంచిగైతేనే వాన్ని తీస్కొస్త అన్నది."

"మరి పగటీలి తోడరాదూ... దయ్యమున్నదంటరు గదా?"

"గా దయ్యాన్ని వెట్టింది నేనే." శంకరవ్వ గొంతు దించింది. "షెడ్ల పెంట భూమిలకు దిగి నీళ్లు ఖరాబైనయని, గవే నీళ్లు డబ్బపాలల్ల కలిపినందుకే పాప పోయిందని డాక్టర్ చెప్పిండు. ఇంటింటికి వోయి చెప్పిన. ఎవ్వలు ఇనలే. దయ్యమన్న... గా రోజే బంద్ వెట్టిండ్రు. పగటీలి తోడితే దయ్యం లేదని తెల్వదా? మల్ల తాగుతరు."

బొక్కెనలోంచి వచ్చే వాసన హనుమండ్లుకు బాగా తెలుసు. షెడ్ల వెనక, చచ్చిన కోళ్లను పారేసే గుంత వాసన అది. ఆ గుంత బావికి ఎగువన ఉంది. ఊట వచ్చేది అటునుంచే.

"ఇంకిన్ని రోజులు తోడితే కొత్త ఊట వడ్తది గదా, బిడ్డా?"

అతను ఆమె చేతిలోంచి తాడు తీసుకుని తానే తోడాడు. భుజాలు పడిపోయేదాకా తోడాడు. పక్కన కూర్చుని ఆమె మనుమడికి ఏం పేరు పెట్టాలా అని మాట్లాడుతూనే ఉంది. వింటుంటే ఏడుపొచ్చిందన్నాడు. అక్కడ నిజంగా దయ్యమే ఉండి ఉంటే బాగుండుననిపించింది నాకు.

తెల్లారి చూస్తే బోనుల్లో సగానికి సగం కోళ్లు చచ్చి ఉన్నాయి. వాటిని వెనక్కి తెచ్చి గుంతలో వేయమని షెడ్ల యజమాని ఫోన్ చేశాడు.