విప్పని మడతలు

బైండరు ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని టీచరమ్మ ఇంటికి వచ్చింది పుస్తకాల పని మీద కాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, నాయనమ్మకు ఇంకా బాగా తెలుసు. ఏమీ తెలియనట్టు నటించడంలో మాత్రం ఇద్దరిలో ఎవరూ తక్కువ తినలేదు.

ఆమె నాన్న బయటి నుంచి వచ్చేదాకా ఊరికే కూర్చోలేక అతను పుస్తకాల అలమార దగ్గరికి వెళ్ళాడు. తాను ఆమెకు ఇచ్చిన పుస్తకాలన్నీ ఒకే అరలో వరసగా ఉన్నాయి. మురిపెంగా ఒకటి తీశాడు. పెట్టేశాడు. ఇంకొకటి తీశాడు. అతని మొహం మాడిపోయింది.

అచ్చయిన పెద్ద కాగితాన్ని మడతల మీద మడతలు పెడితే పదహారు పేజీల ఫారం అవుతుంది. ఫారాలన్నీ పేర్చి కుట్టి, అంచులు కోస్తేనే పేజీలు విడివడతాయి. దుకాణాలకు వెళ్ళే పుస్తకాలను అతను అలాగే కోసేవాడు. మనసుపడి ఇచ్చే పుస్తకాన్ని మాత్రం కోసేవాడు కాదు. మొదట చదివే మనిషే మడతలు విప్పాలన్నది వాళ్ళ తాత పెట్టిన పద్ధతి. అందుకోసం ఆమెకు ఒక చెక్క కత్తి కూడా చేసిచ్చాడు. ప్రస్తుతం దాంతో నాయనమ్మ డబ్బాల మూతలు తీస్తోంది.

"ఇది చాలా బాగుందన్నారు," అన్నాడు బైండరు.

"అన్నాను."

"చివర్లో ఏడుపొచ్చిందన్నారు."

ఆమె తల వంచుకుంది.

"ఒక్క మడత కూడా విప్పలేదు టీచర్ గారూ. నచ్చలేదని చెప్పినా ఏమీ అనుకునేవాణ్ణి కాదు. కనీసం తెరిచైనా చూళ్ళేదు."

నాన్న గుమ్మంలో అడుగుపెట్టేసరికి అతను చెప్పులు వేసుకుంటున్నాడు. అడగడానికి వచ్చిన మాట అడగకుండానే వెళ్ళిపోయాడు.

ఆమె వెనకాలే పరిగెత్తి చెప్పుకోవచ్చు. ఏమని చెబుతుంది? చిన్నప్పుడు అమ్మ రోజూ పుస్తకం చదివి వినిపించేది. అమ్మ పోయినప్పుడు ఆమె బళ్ళో పరీక్షలు పెట్టిస్తోంది. కబురందుకుని వచ్చేసరికి అంతా అయిపోయింది. అప్పట్నుంచీ పుస్తకం తెరిస్తే కళ్ళు వరసల మీద నడిచేవి తప్ప మనసు కదిలేది కాదు. పుస్తకాల మధ్యే బతికే మనిషికి ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది. "బాగుంది" అనడం తేలికనిపించింది. ఒక అబద్ధాన్ని కప్పడానికి వంద అబద్ధాలు కావాలంటారు. ఆమెకు పుస్తకానికొకటి కావలసి వచ్చింది.

వేసవి సెలవులొచ్చాయి. చదవకుండా వెళ్ళి క్షమించమంటే అది ఇంకో అబద్ధమే అవుతుందనుకుంది. అందుకే ముందు ఆ అరంతా చదవాలని నిశ్చయించుకుని చెక్క కత్తి కోసం వంటింట్లోకి వెళ్ళింది.

"పరీక్ష పోయాక పుస్తకం పట్టావన్నమాట," అంది నాయనమ్మ.

"సప్లిమెంటరీ ఉంటుందిగా నాయనమ్మా."

"పెట్టేవాడు పెట్టాలిగా!"

మొదటి పుస్తకం కొండలా అనిపించింది. చదివిందే మళ్ళీ మళ్ళీ చదువుతుంటే చూసి నాయనమ్మ పక్కన చేరింది. "పైకి చదవవే. నీ బుర్రకెక్కకపోతే నాకైనా ఎక్కుతుంది."

పైకి చదివితే గొంతు అమ్మ గొంతులా వినిపించింది. మొదటి రోజు రెండు పేజీలకే ఏడ్చేసింది. నాయనమ్మ మంచినీళ్ళిచ్చి, "తర్వాత?" అంది. ఆ 'తర్వాత'తోనే వేసవి గడిచింది. ఎండ ముదిరేకొద్దీ విప్పిన పుస్తకాలు ఒక పక్కకు చేరాయి.

ఇక ఆఖరి పుస్తకం. అందులో ఒక పడవవాడు అలిగి ఇల్లు వదిలేస్తాడు. ఏళ్ళ తర్వాత, అవతలి ఒడ్డున మంచం పట్టిన తల్లిని చూడ్డానికి పడవెక్కుతాడు. టీచరమ్మ ఆత్రంగా మడత విప్పి పేజీ తిప్పింది. పడవవాడు మళ్ళీ ఇంటి నుంచి బయల్దేరాడు.

"ఇందాకేగా వాణ్ణి ఎక్కించావ్! మళ్ళీ ఎందుకు దింపావే?" అంది నాయనమ్మ.

నిజమే, ఒక ఫారం రెండుసార్లు పడింది. అది దాటి చూస్తే పడవవాడు తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. మధ్యలో ఉండాల్సిన ఫారం లేనే లేదు. తల్లి కొడుకుని చూసిందా? ఏమంది? అసలు మాట్లాడే వేళకు అందాడా? టీచరమ్మ సంకోచం, సిగ్గు అన్నీ మరిచిపోయి ఆ పుస్తకం పట్టుకుని బైండరు కొట్టుకి నడిచింది.

బైండరు ఫారాలు కుడుతున్నాడు. జిగురు వాసన, కత్తిరింపుల కుప్ప, గోడవారన బరువు కింద ఆరుతున్న అట్టలు, అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. అతను మాత్రం చిక్కిపోయాడు. ఆమె పుస్తకం తెరిచి ముందు పెట్టింది.

"ఇక్కడ ఒక ఫారం రెండుసార్లు వచ్చింది. తర్వాతది లేదు. ఆ తల్లి ఏమందో నాకు కావాలి."

అతను ఆ పేజీ చూడలేదు. విప్పిన అంచుల మీద వేలు పెట్టి నెమ్మదిగా తడిమాడు.

"చదివారా?"

"అన్నీ. అప్పుడు అబద్ధమే చెప్పాను. అమ్మ పోయాక చదవలేకపోయాను. అది చెప్పలేకపోయాను." పుస్తకాన్ని ఇంకాస్త అతని ముందుకు జరిపింది. "నేను అమ్మ దగ్గరికి వేళకు అందలేదు. వీడైనా అందాడో లేదో చెప్పండి."

అతను లేచి, తన సామాను అరలోంచి అదే పుస్తకం ఇంకొకటి తీశాడు. "ఆ రోజు ఈ రెండూ ఒక్కసారే కుట్టాను, మీకొకటి, నాకొకటి. మధ్యలో మీరొచ్చారు. మీ జడకు చిన్న దారం ముక్క అంటుకుంటే చూసుకుని నవ్వారు. తర్వాత ఏ ఫారం ఎందులో పెట్టానో నాకే తెలీదు. మీకు రానిది ఇందులో రెండుసార్లు ఉండాలి."

ఆమె అందుకుంది. మడతలన్నీ కలిసే ఉన్నాయి.

"మీరు..."

"చదవలేదు." అతని చెవులు ఎర్రబడ్డాయి. "మీకిచ్చినవేవీ చదవలేదు. పగలంతా అవే మడిచి ఇంటికెళ్ళాక ఇంకోటి విప్పాలనిపించదు. కథలన్నీ ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మావయ్య చెప్పేవాడు. నా తప్పు దాచుకుని మీ మీద కోపం తెచ్చుకున్నాను. వచ్చి చెబుదామనుకుంటూనే వేసవంతా గడిపేశాను."

ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అతను కత్తి అందించాడు. మడత విప్పి పైకి చదివింది. పడవవాడు అందాడు. తల్లి కళ్ళు తెరిచి చూసి ఒకటే అడిగింది: "పడవ గట్టిగా కట్టొచ్చావా నాయనా?"

అంతే. ఏ తల్లైనా అడిగే మాట. టీచరమ్మ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. అతను ఓదార్చబోలేదు. పక్కనే కూర్చున్నాడు. బయట వాన మొదలైంది.

"కుట్లు విప్పి రెండూ సరిచేస్తాను. ఎవరి పుస్తకం వాళ్ళకి పూర్తవుతుంది," అన్నాడు చివరికి.

"వద్దు. ఇలాగే ఉంచండి."

"ఇలాగే ఉంటే ఏ ఒక్కటీ పూర్తిగా చదవలేం."

"తెలుసు." కళ్ళు తుడుచుకుని అతని వైపు చూసింది. "రెండూ ఒకే అరలో ఉంటే సరిపోదా?"

అతనికి ఆ రోజు అడగలేకపోయిన మాట ఇక అడగాల్సిన అవసరం రాలేదు.

వానలో తడిసి ఇద్దరూ ఇల్లు చేరేసరికి నాయనమ్మ గుమ్మంలోనే ఉంది. పుస్తకాలు రెండూ అతని చొక్కా లోపల పొడిగా ఉన్నాయి. ఆవిడ ఇద్దరినీ తేరిపార చూసి, తువ్వాలు ముందు అతనికే ఇచ్చింది.

"ఇంతకీ వాడు అవతలికి చేరాడా?"

"చేరాడు నాయనమ్మా," అంది టీచరమ్మ. "కూర్చో, చదువుతాం."