పేషెంటు వంతు జెట్‌ది

"పేషెంటుని ముందు కూర్చోబెట్టాలి. నిలబెట్టి అడగడానికి నువ్వేమన్నా పోలీసువా?" అంది జెట్, తనే కుర్చీ లాక్కుని కూర్చుంటూ.

డాక్టరు వేషంలో ఉన్న క్లాస్‌మేట్‌కి చిర్రెత్తుకొచ్చినా, తనూ ఎదురుగా కూర్చున్నాడు. ఫైనల్ ప్రాక్టికల్ ఎల్లుండే. మొన్నటి మోడల్ పరీక్షలో రోగి చెప్పిందంతా ఓపిగ్గా విని, తీరా జబ్బు పేరు చెప్పేలోగా టైమైపోయి ఫెయిలైన ఘనుడతను. తాబేలు అనే పేరు అప్పుడే స్థిరపడింది. ఆమె మాటల వేగానికి జెట్ అనే పేరు మొదటి ఏడాదే వచ్చింది.

ఆ మెడికల్ కాలేజీలో పరీక్షల ముందు ఒక ఆనవాయితీ ఉంది. ఇద్దరేసి జంటగా కూర్చుంటారు. ఒకరు డాక్టరు, ఒకరు పేషెంటు. పేషెంటు మనసులో ఒక జబ్బు అనుకుని, అడిగినదానికే జవాబు చెప్పాలి. ఇవాళ పేషెంటు వంతు జెట్‌ది.

వార్డు పక్కన చిన్న క్లాసుగది. బయట వాన దంచి కొడుతోంది. కిటికీలోంచి జల్లు పడుతున్నా ఆమె ఫ్యాను ఆపనివ్వలేదు.

"చెప్పండమ్మా, ఏమిటి బాధ?"

"గుండె దడ, డాక్టరుగారూ. మూడు నెలల్నుంచి."

"మెట్లెక్కితేనా?"

"ఊరికే పడుకున్నా వస్తుంది. నిద్రలోంచి లేపేస్తుంది."

"ఆకలి ఎలా ఉంది?"

"నన్ను చూస్తే హాస్టలు వంటావిడ గిన్నెలు దాచేస్తోంది. అయినా బట్టలన్నీ వదులైపోయాయి."

అతను పకపకా నవ్వాడు. "థైరాయిడ్ ఎక్కువైన కేసు! తాబేలు కదా పాపమని సులువైంది ఇచ్చావా? పుస్తకంలో అచ్చేసినట్టు చెప్పావే!"

జెట్ నవ్వలేదు. "సరే, కరెక్టే. ఇక చాలు" అంటూ లేవబోయింది.

"ఆగాగు. చేతులు చాపు. పేషెంటు డాక్టరు మాట వినాలి."

వణుకుంటే తెలిసేలా, చాపిన వేళ్ళ మీద కాగితం పరిచాడు. కాగితం అంచు సన్నగా వణికింది. నటన అదిరిందని మెచ్చుకోబోతూ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. నాడి అతని వేళ్ళ కింద పరుగులు పెడుతోంది.

అతని నవ్వు ఆగిపోయింది. గొంతు మార్చి నటించొచ్చు, ముఖం మార్చి నటించొచ్చు. నాడిని ఎవరు మార్చగలరు?

"నువ్వు చెప్పింది కేసు కాదు. నీ సంగతే."

"పరీక్ష టెన్షన్. అందరికీ ఉండేదే. చెయ్యి వదులు."

"టెన్షనైతే అరచేయి చల్లబడుతుంది. నీది వేడిగా ఉంది. పద, మన వార్డు డాక్టరు మేడమ్ దగ్గరికి వెళ్దాం."

"పిచ్చా నీకు? మేడమ్ చూస్తే మంచమెక్కిస్తుంది. పరీక్ష పోతే ఆరు నెలలు పోయినట్టే. మా ఇంట్లో కాలేజీ గుమ్మం తొక్కింది నేనొక్కదాన్నే. వాళ్ళకేం చెప్పను?" ఆమె చెయ్యి లాక్కుంది. "ఎవరికైనా చెప్పావో, జన్మలో నీతో మాట్లాడను!"

అతనికి అంతకు మించిన బెదిరింపు లేదు. ఆమె తిట్టే నాలుగు తిట్ల కోసం రెండేళ్ళుగా క్యాంటీన్లో కాచుకుని కూర్చుంటున్నవాడు.

"మాట్లాడకు" అన్నాడు. "గుండె లయ తప్పితే ఏమవుతుందో నాకంటే నీకే బాగా తెలుసు. నాతో మాట్లాడకపోయినా పరవాలేదు. నువ్వు బాగుండాలి."

జెట్ తల దించుకుంది.

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" మెల్లగా అడిగాడు.

"లేదు."

"అడిగావా?"

వార్డులో కనబడ్డ ప్రతి రోగినీ అడిగే ప్రశ్న. కన్నతల్లిని మాత్రం ఒక్కసారీ అడగలేదు. జెట్ అమ్మకి ఫోను చేసి, స్పీకర్లో పెట్టి అడిగింది.

"థైరాయిడా? ఉందే. నాలుగేళ్ళుగా మాత్రలు మింగుతున్నా" అంది అమ్మ తేలిగ్గా. "నీ చదువు పాడవుతుందని చెప్పలేదు. అయినా ఇప్పుడెందుకు?"

"ఊరికేనమ్మా" అంది జెట్. ఆ అబద్ధం అమ్మకి దొరికిపోయింది. "అమ్మాయ్... నీకూనా?"

ఆ సాయంత్రమే మేడమ్ ఈసీజీ తీయించి, రక్తపరీక్షకి పంపి, దడ తగ్గే మాత్ర వేసింది. "ఎల్లుండి పొద్దున చూస్తా. నాడి దిగితే పరీక్ష, లేకపోతే మంచం. బేరాల్లేవు" అంది.

మర్నాటి రిపోర్టులో జబ్బు ఖాయమైంది. పరీక్షరోజు పొద్దున మేడమ్ గడియారం చూస్తూ జెట్ చెయ్యి చాలాసేపు వదల్లేదు. తలుపు దగ్గర తాబేలు గోళ్ళు కొరుక్కుంటున్నాడు. చివరికి మేడమ్ చెయ్యి వదిలి, "వెళ్ళు. మెట్లెక్కకు, లిఫ్టులో వెళ్ళు" అంది.

తన వంతు ముగించుకుని అతను వరండాలో కూర్చున్నాడు. జెట్ ఇంకా లోపలే ఉంది. సంచీ పట్టుకుని వచ్చిన ఒక పెద్దావిడ అతని ముందు ఆగింది.

"మా అమ్మాయి చెయ్యి పట్టుకున్నది నువ్వేనా?"

అతను చటుక్కున లేచి నిలబడ్డాడు. "నాడి చూశానండీ!"

"తెలుసులే, కూర్చో బాబూ." తనూ పక్కన కూర్చుంది. "ఎప్పటినుంచి?"

"దడ మూడు నెలల్నుంచి ఉందటండీ..."

"దాని సంగతి కాదు. నీ సంగతి."

అతని చెవులు కందిపోయాయి. "రెండేళ్ళండీ."

"దానికి చెప్పావా?"

"లేదండీ. తన చదువు పాడవుతుందని..."

ఆవిడ నిట్టూర్చింది. "నేనలాగే దాచాను. అదీ అలాగే దాచింది. ఇప్పుడు నువ్వు కూడానా? మా ఇంటికి ఇద్దరం చాలు బాబూ."

అతను తలెత్తాడు. పరీక్ష గది తలుపు దగ్గర జెట్ నిలబడి ఉంది. ఎంతసేపయిందో ఏమో.

"ప... పరీక్ష ఎలా చేశావు?" అన్నాడు తడబడుతూ.

"బాగా చేశాను. నువ్వేదో చెప్పాలటగా?"

"ఇప్పుడా? మొత్తమా?"

జెట్ వచ్చి అతని పక్క కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"మొత్తం చెప్పు. నాకేం తొందర లేదు."